డీఎస్9తో మూడేళ్లు: హబుల్ పాత ఫోటోల్లో చురుకైన గెలాక్సీల కోసం

కావలిలో మా మేడ మీద నుంచి ఇప్పుడు చుక్కలు సరిగ్గా కనిపించవు, రొయ్యల గుంటల లైట్లతో తూర్పు దిక్కంతా తెల్లబారి ఉంటుంది. అందుకే టెలిస్కోపు కొనే ఆలోచన మానుకుని, మూడేళ్ల కిందట టెలిస్కోపు ఫోటోలు తెరిచి చూసే డీఎస్9 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్‌లో వేసుకున్నాను. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు ఫైళ్లు అమెరికాలో బాల్టిమోర్‌లోని ఆర్కైవ్ నుంచి ఎవరైనా దించుకోవచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. ప్రతి ఫోటో ఎవరో తమ పని కోసం తీయించుకున్నదే, వాళ్లకు కావలసింది మధ్యలో ఉంటుంది. మూలన పడిన చిన్న గెలాక్సీని పట్టించుకునేవాళ్లు తక్కువ. నేను చురుకైన గెలాక్సీల కోసం, అంటే నడిమధ్య బ్లాక్ హోల్ చుట్టుపక్కల పదార్థాన్ని మేస్తూ వెలిగే వాటి కోసం వెతికేది అక్కడే.

మొదటి ఆర్నెల్లు తప్పుగా వాడాను. వెలుగును ఉన్నదున్నట్టు చూపే లీనియర్ స్కేల్‌లో ఒట్టి తెల్ల చుక్క కనిపిస్తే నక్షత్రమనుకుని దాటేసేవాణ్ణి. స్కేల్‌ను మసక వెలుగులనూ పైకి తెచ్చే లాగ్‌కు మార్చి, మౌస్ కుడి బటన్ నొక్కిపట్టి మెల్లగా జరిపితే, అదే చుక్క చుట్టూ పొగలాగా గెలాక్సీ చేతులు తేలతాయి. మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయితే నడిమధ్య వెలిగినంత మాత్రాన అక్కడ బ్లాక్ హోల్ మేస్తోందని కాదు, ముసలి నక్షత్రాలు కిక్కిరిసినా అలాగే ఉంటుంది. అదే ఫోటోలోని ఒక నక్షత్రంతో పోల్చి చూడాలి. హబుల్‌లోని ఏసీఎస్ కెమెరాలో పిక్సెల్ 0.05 ఆర్క్‌సెకండ్లు (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు), నక్షత్రం వెడల్పు సుమారు రెండు పిక్సెళ్లు. గెలాక్సీ కేంద్రం కూడా అంతే సన్నగా ఉంటే అనుమానించాలి. అదే చోటు తీసిన ఇంకో ఎక్స్‌పోజర్‌లో చుక్క లేకపోతే అది కాస్మిక్ కిరణం, అంటే కెమెరాకు తగిలిన అంతరిక్ష కణం పెట్టిన మచ్చ, కొట్టేయాలి.

ఆ తర్వాత పరారుణ కాంతిలో ఆకాశాన్ని ఫోటో తీసిన వైజ్ ఉపగ్రహం కొలతల్లో అదే గెలాక్సీ 3.4, 4.6 మైక్రాన్ల వెలుగులు చూస్తాను. 4.6 దగ్గర ఎక్కువ వెలుగుండి, రెండింటి తేడా 0.8 మాగ్నిట్యూడ్ (వెలుగును కొలిచే లెక్క) దాటితే చురుకైన కేంద్రమనే నమ్మకం గట్టిపడుతుంది. దాటకపోయినా వదలను. వైజ్ చూపు ఆరు ఆర్క్‌సెకండ్ల మసక, అందులో గెలాక్సీలోని నక్షత్రాల వెలుగంతా కలిసిపోయి బలహీనమైన కేంద్రం మునిగిపోతుంది. ఇలాంటివి మరుగున పడిపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం, హబుల్ చురుకుచూపు పనికొచ్చేదీ ఇక్కడే.

నోట్‌బుక్‌లో 214 గుర్తులు పెట్టాను, ఖగోళ వస్తువుల ఆన్‌లైన్ జాబితా సింబాడ్‌లో వెతికితే ఎక్కువ భాగం ముందే తెలిసినవి. తొమ్మిది మిగిలాయి. వాటికి స్పెక్ట్రమ్, అంటే వెలుగును రంగులుగా విడదీసిన కొలత కావాలి, అది ఫోటోతో తేలే సంగతి కాదు.

సాఫ్ట్‌వేర్ మాత్రం ధైర్యంగా వేసుకోండి. ఒక్కో ఫైలు రెండొందల ఎంబీ దాకా ఉంటుంది, నాలాగా 4 జీబీ ర్యామ్ ఉంటే ఒకటొకటిగానే తెరవండి.