మునిగిన వరి గింజకు ఏది మేలు: మైటోకాండ్రియా శ్వాసా, పులియడమా?

మొలక విత్తనం చల్లిన మర్నాడే వాన కుమ్మేసింది, మురుగు కాలువ పొంగి నారుమడిలో నీళ్లు నిలిచాయి. అడుగున గింజ బతకాలంటే ఏటీపీ, అంటే కణాలు శక్తి కోసం ఖర్చుపెట్టే అణువు, కావాలి. (కండరంలో ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి కనిపెట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మన భీమవరంలో పుట్టినవారే. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు.)

మొదటి మెట్టు ఎలాగైనా ఒకటే. గ్లూకోజు చీలి రెండు పైరువేట్‌లవుతుంది, నికరంగా 2 ఏటీపీలు దక్కుతాయి.

గాలి ఆడుతుంటే ఆ పైరువేట్ కణంలోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలోకి వెళ్లి కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. దాని ఎలక్ట్రాన్లు లోపలి పొరలోని ప్రోటీన్ల మీదుగా ఆక్సిజన్‌కు చేరతాయి. ఆ దారిలో విడుదలైన శక్తితో ప్రోటాన్లు పొర అవతల పోగవుతాయి. అవి తిరిగొచ్చేటప్పుడు ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము గిర్రున తిరిగి ఏటీపీ తయారుచేస్తుంది. ఒక్క గ్లూకోజుకు మొత్తం 30–32. పాత పుస్తకాల 36, 38 లెక్క ఇప్పుడు చెల్లదు.

ఆక్సిజన్ లేదా, ఈ వరసంతా నిలిచిపోతుంది. అప్పుడు గింజ పైరువేట్‌ను ఎసిటాల్డిహైడ్‌గా, దాన్ని ఇథనాల్‌గా (ఆల్కహాల్‌గా) మారుస్తుంది. పులియడమంటే ఇదే. దీనివల్ల అదనంగా ఒక్క ఏటీపీ కూడా రాదు. మొదటి మెట్టులో ఎలక్ట్రాన్లను అందుకునే ఎన్ఏడీ అనే అణువు మళ్లీ చేతికొచ్చి, మొదటి మెట్టు ఆగకుండా సాగుతుంది, అంతే. రాబడి 2 దగ్గరే ఆగింది కాబట్టి అంతే ఏటీపీకి దాదాపు 15 రెట్లు గ్లూకోజు కరిగిపోతుంది.

రాబడిలో మైటోకాండ్రియాకు సాటి లేదు. కానీ గాలి అందని నీటి అడుగున గింజను నిలబెట్టేది పులియడమే. గోధుమ గింజ ఆక్సిజన్ లేకపోతే పిండిపదార్థాన్ని సరిగా కరిగించుకోలేదు. వరి కరిగించుకుంటుంది. అయితే ఆ కాస్త శక్తితో తెల్లటి ముక్కు మాత్రమే పైకి సాగుతుంది, వేరు పెరగదు. నీళ్లు కదిలితే మొలక తేలిపోవడం అందుకే.

మండె కట్టేటప్పుడు, అంటే నానిన గింజను మొలకెత్తడానికి కుప్పపోసి కప్పి ఉంచేటప్పుడు, కూడా ఇదే లెక్క. 24 గంటలు నానబెట్టి, నీళ్లు వార్చి, 24 గంటలు మండె కట్టండి. కుప్ప మందంగా ఉంటే శ్వాస వేడి బయటికి పోదు, నడిమధ్యకు గాలి చేరదు. చెయ్యి పెడితే కాలుతుంది, పులిసిన వాసన కొడుతుంది. మధ్యలో ఒకసారి తిరగేసి నీళ్లు చిలకరించాలి.

మునిగిన మడిలో నీళ్లు తీసేశాక మొలక వాడితే తెగులనుకుని వెంటనే మందు కొట్టకండి. మిగిలిన ఇథనాల్ ఆక్సిజన్ తగలగానే మళ్లీ ఎసిటాల్డిహైడ్ అవుతుంది, అది విషం. రెండు మూడు రోజులాగి మొలక పీకి చూడండి. కొత్త తెల్లవేరు కనిపిస్తే మడిని అలాగే ఉంచేయొచ్చు.