చెన్నైలో ఏడు గంటలు, దీపాలదిన్నె రాళ్ళు

పోర్ట్ బ్లెయిర్ నుంచి విజయవాడ వస్తూ చెన్నైలో విమానం మారాల్సి వచ్చింది. పొద్దున పదింపావుకు దిగాం, సాయంత్రం ఐదున్నరకు మళ్ళీ ఎక్కాలి. నాతో నాన్న ఉన్నారు. ఆయనకు డెబ్భై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. అందుకని ఎయిర్‌పోర్ట్ దగ్గర్లో గంటల లెక్కన గది దొరికితే ఆయన్ని కాసేపు పడుకోబెడదామని ముందు అనుకున్నాను. ఒక హోటల్‌కి ఫోన్ చేస్తే ఐదారు గంటలకైనా పూర్తి రోజు అద్దే కట్టాలన్నారు, పైగా గది మధ్యాహ్నం పన్నెండు దాటాకే ఇస్తారట. అది మాకు దేనికీ పనికిరాదు.

"పడుకోడానికి ఇంటికెళ్తున్నాం కదమ్మా. మద్రాసు దాకా వచ్చి కుర్చీలో కూర్చోడం ఎందుకు?" అన్నారు నాన్న.

నా మనసులో ఎప్పటినుంచో ఒక కోరిక ఉంది. ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి శిల్పాలున్నాయి. మాది తాడికొండ. అమరావతి మాకు పక్క ఊరి కిందే లెక్క. మన దగ్గర దొరికిన శిల్పాల్లో ఎన్నో ఇక్కడ ఉన్నాయని చదవడమే గాని ఎప్పుడూ చూడలేదు. ఆ మాట చెప్పగానే నాన్న లేచి నిలబడ్డారు.

రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండటంతో పెద్ద సామాను నేరుగా విజయవాడకు వెళ్ళిపోయింది. చేతిలో ఒక్క సంచి. ఇలా బయటికి వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది ఇదే. విడివిడిగా టికెట్లు కొంటే సూట్‌కేసులు మోసుకుంటూ ఎక్కడికీ వెళ్ళలేం.

బయట టాక్సీ అతను చెప్పిన రేటు విని వద్దనుకున్నాం. డబ్బు సంగతి అటుంచి, చెన్నై ట్రాఫిక్‌లో ఎప్పుడు ఇరుక్కుంటామోనన్న టెన్షన్ నాకు ఎక్కువ. మెట్రో స్టేషన్ ఎయిర్‌పోర్ట్‌లోనే ఉంది. బ్లూ లైన్ ఎక్కి ఆలందూరులో దిగి, గ్రీన్ లైన్‌కి మారితే ఎగ్మోర్. ముప్పావుగంటలో చేరిపోయాం. ఏసీ, ఎస్కలేటర్లు ఉండటం వల్ల నాన్నకు ఏ ఇబ్బందీ కలగలేదు. అక్కడి నుంచి మ్యూజియం ఉన్న పాంథియన్ రోడ్డు కిలోమీటరుకు కాస్త అటూ ఇటూ. ఎండ చూసి ఆటో ఎక్కాం.

1851లో మొదలైన మ్యూజియం ఇది. దేశంలో కలకత్తా ఇండియన్ మ్యూజియం తర్వాత ఇదే పాతది. 1855లో ఇక్కడే జంతువుల్ని కూడా ఉంచారు. పాత మద్రాసు జనం జూని 'ఉయిర్ కాలేజ్' అనీ, దీన్ని 'సెత్త కాలేజ్' అనీ పిలిచేవారట. బతికినదొకటి, చచ్చినదొకటి. ఆవరణ చాలా పెద్దది, భవనాలు చాలా ఉన్నాయి. కన్నెమరా లైబ్రరీ ఇక్కడే ఉంది. ఎర్ర రాతితో కట్టిన నేషనల్ ఆర్ట్ గ్యాలరీ భవనం బయటి నుంచి చూసినా కళ్ళు నిండుతాయి. అన్నీ చూడాలంటే రెండు రోజులు పడుతుంది. మాకున్నది రెండు గంటలు. అందుకే గేటు దగ్గరే తేల్చుకున్నాం: అమరావతి గది, కంచు విగ్రహాలు, అంతే. మధ్యలో ఏం కనబడినా ఆగకూడదు.

అమరావతి గదిలోకి వెళ్ళాక కాసేపు నాన్న ఏమీ మాట్లాడలేదు. లేత పచ్చ ఛాయ ఉన్న తెల్లటి రాళ్ళు. పాలరాయి అంటారు గాని నిజానికి ఇది పలనాటి సున్నపురాయి. స్తంభాలు, కంచె పలకలు, గుండ్రటి ఫలకాలు, ఎక్కడ చూసినా జనమే. నగలు పెట్టుకున్న ఆడవాళ్ళు, గుర్రాలు, పూల తీగలు, కిటికీల్లోంచి తొంగిచూసే ముఖాలు.

"ఇవన్నీ మన దీపాలదిన్నె మీదవేనా?" అని అడిగారు చివరికి. స్తూపం ఉన్న చోటుకి మావైపు పాత పేరు అదే. చిన్నప్పుడు శివరాత్రికి అమరేశ్వరుడి గుడికి వెళ్ళినప్పుడల్లా ఆయన ఆ దిన్నె చూశారు. అప్పుడక్కడ ఆయనకు కనబడింది మట్టి, ఇటుకలు, నాలుగు విరిగిన రాళ్ళు.

నాకు తెలిసింది చెప్పాను. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని రాజధాని చేసుకుని ఊరు కట్టిస్తున్నప్పుడు దిన్నెను తవ్వి ఇటుకలు, రాళ్ళు కట్టడాలకు వాడేశారు. ఆ రోజుల్లోనే ఒకసారి వచ్చి చూసి వెళ్ళిన కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి మిగిలినవాటికి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్ళను మద్రాసుకు పంపాడు. 1859లో వాటిలో చాలావాటిని ఓడ ఎక్కించి లండన్‌కు తరలించారు. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఇక్కడే ఉండిపోయినవి, ఆ తర్వాతి తవ్వకాల్లో దొరికి ఇక్కడికి చేరినవి ఈ గదిలో ఉన్నాయి. తెలుగులో తొలి మాటగా మనం చెప్పుకునే 'నాగబు' కూడా అమరావతి రాతి మీదే కదా అని నాన్నే గుర్తు చేశారు.

మేం ఎక్కువసేపు నిలబడింది నలగిరి ఏనుగు ఫలకం ముందు. బుద్ధుణ్ణి చంపడానికి దేవదత్తుడు మదపుటేనుగును వదిలిన కథ. ఒకే గుండ్రటి రాతిలో రెండు ఘట్టాలున్నాయి. ఎడమవైపు ఏనుగు వీధిలోకి దూసుకొచ్చి మనుషుల్ని తొక్కుతోంది, ఒకణ్ణి తొండంతో పట్టుకుంది. భయంతో ఒకామె పక్కనున్న మనిషిని గట్టిగా పట్టుకుంది. మేడ మీద నుంచి జనం చూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద వంగిపోయి ఉంది. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి చేతిపని. రాతిలో ఆ కంగారు ఎలా పట్టుకొచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పక్కపక్కనే ఇంత గందరగోళం, అంత శాంతం! నాన్న రెండు వైపులా మార్చి మార్చి చూస్తూ పదిహేను నిమిషాలు అక్కడే ఉన్నారు. బుద్ధుడి భిక్షాపాత్రను దేవతలు ఆడుతూ పాడుతూ స్వర్గానికి తీసుకెళ్ళే ఫలకం ముందు కూడా ఆగాం. అందులో ఒక్క మనిషి కూడా నిటారుగా నిలబడి లేడు, అందరూ ఊగుతున్నట్టే ఉంటారు.

కంచు విగ్రహాలకు మిగిలింది అరగంట. తిరువాలంగాడు నటరాజు, తిరువెణ్‌కాడు అర్ధనారీశ్వరుడు. అరగంట వాటికి ఏమాత్రం సరిపోదు. అర్ధనారీశ్వరుడి కుడిభుజానికీ ఎడమభుజానికీ ఉన్న తేడా ఒక్కటే నింపాదిగా చూడగలిగాను. శిల్పం మీద ఇష్టం ఉన్నవాళ్ళు కంచు గదిని ముందు పెట్టుకున్నా తప్పులేదు. మా ఊరి వాళ్ళకైతే అమరావతే ముందు అంటాను.

రెండు దాటాక స్టేషన్ ఎదురుగా గాంధీ ఇర్విన్ రోడ్డులో ఒక శాకాహార హోటల్లో భోజనం చేశాం. సాంబారు బాగుంది, వడ్డన చాలా వేగం. తిరుగు ప్రయాణం లోకల్ రైల్లో. ఎగ్మోర్‌లో ఎక్కితే తిరుశూలంలో దిగొచ్చు, జీఎస్టీ రోడ్డు దాటితే ఎయిర్‌పోర్ట్. మారే పని లేదు, టికెట్ ధర మెట్రో కంటే బాగా తక్కువ. కానీ మెట్లు ఉంటాయి, ఆఫీసు వేళల్లో రద్దీ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు రెండు వైపులా మెట్రోనే నయం. నాలుగింటికల్లా టెర్మినల్లో ఉన్నాం.

ఇంకో మాట. ఈ మ్యూజియానికి శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా తెరిచి ఉంటుంది. మధ్యలో ఐదు గంటల కంటే తక్కువ సమయం ఉంటే బయటికి వెళ్ళకపోవడమే మంచిది. రానుపోను రెండు గంటలు, లోపల రెండు గంటలు, విమానానికి కనీసం గంటన్నర ముందు తిరిగి రావడం, ఇవన్నీ కలిపితే లెక్క అంతకు మించే వస్తుంది.

రైల్లో ఖాళీ సీటు దొరగ్గానే నాన్న ఊళ్ళో ఉన్న పెదనాన్నకు ఫోన్ చేశారు. దిన్నె, శివరాత్రి, బండ్లు కట్టుకుని వెళ్ళడం, అన్నీ వచ్చాయి మాటల్లో. అవతల పెదనాన్న ఏమడిగారో నాకు వినపడలేదు.

"లేదన్నయ్యా, అన్నీ పగిలిపోలేదు. ఏనుగు చక్కగా ఉంది" అంటున్నారు నాన్న.