వైఫై ప్రింటర్ మొరాయించిందని కస్టమర్ కేర్ నంబరు వెతుకుతున్నారా? జాగ్రత్త

ఇంట్లో వైఫై ప్రింటర్ ఉన్నవారు, కొత్తగా కొనబోయేవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ప్రింటర్ వైఫైకి కలవడం లేదని ఇంటర్నెట్‌లో కంపెనీ కస్టమర్ కేర్ నంబరు వెతికి, అన్నిటికన్నా పైన కనిపించిన నంబరుకు ఫోన్ చేసి నేను 3,499 రూపాయలు పోగొట్టుకున్నాను. మర్నాడు అదే మనిషి ఇంకా పెద్ద మొత్తానికి వల వేశాడు. తీరా చూస్తే ప్రింటర్‌లో లోపమేమీ లేదు. రూటర్‌లో రెండు అమరికలు మార్చగానే, పైసా ఖర్చు లేకుండా, అది మళ్లీ పనిచేసింది.

మేము మే నెలాఖరులో కొత్త ఫైబర్ కనెక్షన్ తీసుకున్నాము. పాత రూటర్ తీసి కొత్తది బిగించిన కుర్రవాడు ఫోన్లకూ టీవీకీ వైఫై కలిపి వెళ్లిపోయాడు. గూట్లో ఉన్న ప్రింటర్ సంగతి అతను అడగలేదు, మాకూ గుర్తు రాలేదు. జూలైలో మా అమ్మాయి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ కాగితాలు ప్రింటు తీయబోతే కంప్యూటర్ తెర మీద ప్రింటర్ ఆఫ్‌లైన్‌లో ఉందని వచ్చింది. ప్రింటర్ మీదున్న చిన్న తెరలో కొత్త వైఫై పేరు కనిపిస్తూనే ఉంది, కానీ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా కలవడం లేదు. వీధి చివర జిరాక్స్ షాపుకు వెళ్లి ఉంటే నలభై రూపాయలతో పోయేది. ఇంట్లో ప్రింటర్ పెట్టుకుని బయటికి వెళ్లడమేమిటన్న పంతంతో నేను నంబరు వెతకడం మొదలుపెట్టాను.

పై వరుసలో వచ్చింది ప్రకటన. దాని మీద ప్రకటన అన్న చిన్న అక్షరాలు ఉన్నాయని తరువాత చూస్తే తెలిసింది. లోపలికి వెళితే అచ్చం కంపెనీ పేజీలాగే ప్రింటర్ల బొమ్మలు, రంగులు ఉన్నాయి. మోడల్ నంబరు కొట్టమంటే కొట్టాను. డ్రైవర్, అంటే ప్రింటర్‌ను కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్, దిగుతున్నట్లుగా ఒక గీత నెమ్మదిగా నిండుతూ వచ్చి, చివర్లో ఆగి ఎర్రగా మారి, ఇన్‌స్టాలేషన్ విఫలమైందని చూపి, దాని కిందే ఫోన్ నంబరు ఇచ్చింది. అక్కడ నిజంగా దిగిందేమీ లేదు. ఏ మోడల్ నంబరు కొట్టినా, చివరికి నోటికొచ్చిన అంకెలు కొట్టినా, ఆ గీత అదే చోట ఆగుతుందని మా అమ్మాయి మర్నాడు తన ఫోన్‌లో చూపించింది.

ఫోన్ ఎత్తిన మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు, మాట మాటకీ సార్ అన్నాడు. కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే ఒక యాప్ వేయించి, తెర మీద వచ్చిన అంకెలు అడిగి తీసుకున్నాడు. ఇలాంటి యాప్‌ల ద్వారా జరిగే మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. పత్రికల్లో చదివిన గుర్తు కూడా నాకు ఉంది. అయినా ఆ క్షణాన అది నా బుర్రకు తట్టలేదు, ఎందుకంటే ఫోన్ చేసింది అతను కాదు, నేను. మోసగాడు మన ఇంటికి వస్తాడని కాపు కాస్తాము కానీ, మనమే అతని ఇంటి తలుపు తడతామని అనుకోము కదా.

అతను చూపించినవి రెండే రెండు విషయాలు. మొదటిది విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్. అందులో ఎర్రటి, పసుపు గుర్తులు వందల కొద్దీ ఉన్నాయి, అవన్నీ వైరస్ లక్షణాలన్నాడు. ఏ కంప్యూటర్‌లో తెరిచినా అలాంటి గుర్తులు ఉంటాయి. చిన్నాచితకా అంతరాయాలన్నీ అందులో నమోదవుతాయి. రెండవది నల్లటి తెర మీద వచ్చిన ఒక జాబితా. దాని పైన ఫారిన్ అడ్రస్ అని ఉంది కనుక విదేశీయులు నా వైఫైలో దూరారనీ, అందుకే ప్రింటర్ కలవడం లేదనీ చెప్పాడు. ఆ మాటకు అక్కడ అవతలి చివర ఉన్న చిరునామా అని మాత్రమే అర్థం, దేశాలతో దానికి సంబంధమే లేదు. అంత చిన్న మాట మీద అంత పెద్ద భయం కట్టాడు! సంవత్సరం రక్షణకు 4,999 అడిగి, నేను నసుగుతుంటే 3,499కి దిగి, యూపీఐలో పంపించుకున్నాడు. ఆ తరువాత ఏవో నాలుగు కిటికీలు తెరిచి మూసి, 24 గంటల్లో ప్రింటర్ దానంతట అదే కలుస్తుందని చెప్పి పెట్టేశాడు.

మర్నాడు మళ్లీ ఫోన్ చేశాడు. నా ప్రింటర్ పాతది కనుక సేవ వర్తించదట, డబ్బు వాపసు ఇస్తారట, తాను పంపే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కితే ఖాతాలో జమవుతుందట. పక్కనే ఉన్న మా అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. అలాంటి చోట పిన్ నొక్కడమంటే మన ఖాతాలోంచి పంపడానికి మనమే ఒప్పుకోవడం. ఆ కోడ్‌తో పాటు వచ్చిన మొత్తం 34,990 అని తరువాత చూసుకున్నాము.

ఆ సాయంత్రం మా బావమరిది వచ్చాడు. అతను ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు. "బావా, ముందు ఆ కంప్యూటర్‌కి నెట్ తీసెయ్, ప్రింటర్ సంగతి తరవాత చూద్దాం," అన్నాడు. నెట్ తీసి, ఆ యాప్‌ను తొలగించి, మనం దగ్గర లేకపోయినా లోపలికి రానిచ్చే అమరిక ఏదైనా మిగిలి ఉందేమో వెతికి, మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు నా ఫోన్ నుంచి మార్పించాడు. ఆ కంప్యూటర్ మీద మార్చవద్దని గట్టిగా చెప్పాడు.

తరువాత ప్రింటర్ దగ్గర కూర్చుని నెట్‌వర్క్ నివేదికను కాగితం మీద తీశాడు. ఇది చాలా ప్రింటర్లలో ఉంటుంది, వైఫై లేకపోయినా వస్తుంది, నేను మాత్రం అప్పటిదాకా చూడలేదు. అందులో పాత వైఫై పేరే ఉంది, రూటర్ ప్రతి పరికరానికీ ఇచ్చే అంకెల చిరునామా ఉండవలసిన గడి ఖాళీగా ఉంది. ఇక రూటర్ అమరికలు తెరిస్తే అసలు సంగతి బయటపడింది. వైఫై నడిచే రెండు తరంగ శ్రేణులు 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. కొత్త రూటర్ రెంటికీ ఒకే పేరు పెట్టుకుని, భద్రతకు డబ్ల్యూపీఏ3 అనే కొత్త పద్ధతిని మాత్రమే ఉంచుకుంది. డబ్ల్యూపీఏ3 వచ్చింది 2018లో. నా ప్రింటర్‌కు తెలిసింది దానికి ముందున్న డబ్ల్యూపీఏ2, అదీ 2.4 మీద మాత్రమే. అందుకే పేరు కనిపించేది, పాస్‌వర్డ్ సరైనదే అయినా తలుపు తెరుచుకునేది కాదు. అతను 2.4కు వేరే పేరు పెట్టి, దానికి డబ్ల్యూపీఏ2 ఇచ్చాడు. ప్రింటర్ రెండు నిమిషాల్లో కలిసింది.

ఫోన్ నుంచి ప్రింటు వచ్చినా కంప్యూటర్ మాత్రం ఇంకా ఆఫ్‌లైన్ అనే అంటోంది. ఇలాంటి చోటే చాలామంది విసిగి ఫోన్ ఎత్తుతారనుకుంటాను. పాత రూటర్ ఇచ్చిన చిరునామాకే కంప్యూటర్ ఇంకా కాగితాలు పంపుతోంది. ప్రింటర్‌ను జాబితాలోంచి తొలగించి మళ్లీ చేర్చగానే సరిపోయింది. చిరునామా మళ్లీ మారకుండా రూటర్‌లో ఈ ప్రింటర్‌కు ఒకదానిని శాశ్వతంగా కేటాయించాడు. నివేదికలో చిరునామా 169.254తో మొదలైతే మాత్రం రూటర్ దానికి చిరునామా ఇవ్వలేదని అర్థమట. అతిథుల కోసం పెట్టే గెస్ట్ వైఫైలో ప్రింటర్ ఉన్నా, కంప్యూటర్‌లో వీపీఎన్ (నెట్ రాకపోకలను వేరే దారిలో మళ్లించే సాఫ్ట్‌వేర్) నడుస్తున్నా ఇద్దరూ ఒకరికొకరు కనిపించకపోవచ్చని కూడా చెప్పాడు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది.

కొత్తగా కొనేవారు షాపులో ఒక్క ప్రశ్న అడగండి: ఇది 5 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుందా, 2.4 మీద మాత్రమేనా? ఏ వైఫైకైనా పనిచేస్తుందండీ అనే జవాబు నాకూ వచ్చింది, దానితో తృప్తి పడకుండా పెట్టె మీద చదవండి. 2.4 మాత్రమే ఉన్న ప్రింటర్ కొనడం తప్పేమీ కాదు, గోడలు దాటి వెళ్లడంలో అదే మెరుగు కూడా. తెలిసి కొనాలి, అంతే.

ఆ పెట్టె మీదే ఇంకొకటి ఉంటుంది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు ఉంటే మనం సంప్రదించవలసిన వారి పేరు, చిరునామా, ఫోన్ నంబరు ప్యాకేజీ మీద ముద్రించి తీరాలి. నేను ఎక్కడెక్కడో వెతికిన అసలు నంబరు మూడేళ్లుగా మా అటక మీద దుమ్ములో ఉంది. మర్నాడు దానికి ఫోన్ చేస్తే, పదిహేను నిమిషాలు పాట వినిపించిన తరువాత మాట్లాడిన అమ్మాయి ఏ యాప్ వేయమనలేదు, ఏ డబ్బూ అడగలేదు. రూటర్ కొత్తదా అని మొదటి ప్రశ్నే అడిగింది. పెట్టె పారేసే అలవాటున్నవారు ఆ లేబుల్‌ను ఫోటో తీసి ఉంచుకోండి.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఎంత తొందరగా చెబితే అవతలి ఖాతాలో సొమ్ము నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. నేను సిగ్గుపడి ఇరవై ఆరు గంటలు ఆలస్యం చేశాను, అప్పటికి ఆ ఖాతా ఖాళీ అయింది. నా బ్యాంకులోనూ చెప్పాను. నేనే పిన్ నొక్కి పంపాను కనుక అనుమతి లేని లావాదేవీ కింద రాదన్నారు. ఫిర్యాదు సంఖ్య మాత్రం నా దగ్గర ఉంది.

ఆ ప్రకటన మీద కూడా ఫిర్యాదు పెట్టాను, మూడు రోజులకు అది మాయమైంది. తొమ్మిదో రోజున అవే బొమ్మలు, అదే ఎర్ర గీత, వేరే పేరుతో, వేరే ఫోన్ నంబరుతో మళ్లీ పై వరుసలోనే కనిపించాయి. ఈ ఉదయానికి కూడా అక్కడే ఉన్నాయి.