సంతకం బ్యాట్‌కు ధర కట్టించే ముందు: లూప్, యూవీ టార్చి, ఫొటో వాల్యుయేషన్, ఐదేళ్ల వాడకం

అనంతపురంలో ఉండి క్రికెట్ సంతకాలకో, ఆటగాళ్ల బొమ్మలుండే పాత కార్డులకో ధర కట్టించాలంటే చేతిలో ఉన్న దారులు రెండే. ఫొటోలు పంపి ఆన్‌లైన్‌లో వాల్యుయేషన్ రాయించుకోవడం ఒకటి, వస్తువు అసలుదా కాదా చూసి, దాని స్థితికి మార్కులు వేసే గ్రేడింగ్ కంపెనీకి వస్తువునే కొరియర్ చేయడం ఇంకొకటి. రెండింటికీ ముందే ఫీజు కట్టాలి, వస్తువు నకిలీదని తేలినా ఆ ఫీజు వెనక్కి రాదు. కాబట్టి తొలి వడపోత ఇంట్లోనే జరగాలి.

లూప్‌కు, అంటే కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దానికి, పూర్తి మార్కులు. ప్రొద్దుటూరులో బంగారు పనివాళ్లకు సామాను అమ్మే అంగళ్లలో దొరికే పదింతల లూప్ చాలు. ముప్పై ఇంతలని రాసి ఉండే చవక రకం వద్దు: మధ్యలో తప్ప అంచుల్లో అంతా మసక. చాలామంది చేసే తప్పు ఒకటుంది, లూప్‌ను వస్తువు మీద పెట్టి పైనుంచి తొంగి చూడటం. లూప్ కంటికి ఆనాలి, వస్తువు అద్దానికి 25 మిల్లీమీటర్ల దగ్గరకు రావాలి. అచ్చు సంతకమైతే గీత రంగు చుక్కలుగా విడిపోతుంది. రబ్బరు స్టాంపైతే అంచుల్లో సిరా పేరుకుని మధ్యలో పల్చబడుతుంది. యంత్రం చేసిన సంతకంలో మొదలు నుంచి చివరిదాకా గీత మందం మారదు. చేత్తో వేగంగా చేసిన సంతకం చివర సన్నబడి గాల్లోకి లేచిపోయినట్టు ఉంటుంది. చూసి దిద్దినదానికి వణుకు, మధ్యమధ్య పెన్ను ఆగిన చోట సిరా బొట్లు. బాల్‌పెన్ సంతకమైతే లైటు ఆర్పి టార్చిని కాగితానికి దాదాపు సమాంతరంగా పట్టాలి, గాడి నీడ కనిపిస్తుంది.

బ్యాట్ మీద లెక్క వేరు. మార్కర్ సిరా విల్లో చెక్క నారల వెంట కొద్దిగా పాకడం సహజం. అసలేమీ పాకకుండా గీసినట్టు ఉంటే ముఖం మీద ప్లాస్టిక్ షీట్ అంటించి ఉందేమో గోటితో అంచున తడిమి చూడండి. షీట్ లేచిన రోజు సంతకమూ దాంతోనే లేస్తుంది, ధరలో దాన్ని తగ్గించే కడతారు. సంతకం ఉన్న బ్యాట్‌కు నూనె మాత్రం పట్టించొద్దు. అవిసె నూనె పసుపెక్కి సిరాను అలికేస్తుంది.

యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి పనికొస్తుంది, అయితే సగమే. కొనేటప్పుడు 365 నానోమీటర్లు, ముందు నల్లటి ఫిల్టర్ అద్దం ఉన్నది చూసుకోవాలి. 395 రకం చవకే, కానీ దాని ఊదా వెలుగులో అన్నీ ఊదాగానే కనిపిస్తాయి. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చాయి. 1930ల నాటిదని చెప్పే కార్డు ఈ వెలుగులో నీలితెలుపుగా మెరిసిందంటే ఇంకేం చూడనక్కర్లేదు. అదే పరీక్ష జెర్సీ మీద చేస్తే మాత్రం పప్పులో కాలేసినట్టే. ఒక్కసారి బట్టల పొడితో ఉతికినా ఎంత పాత బట్టయినా మెరుస్తుంది. టార్చిని సంతకం మీద కొన్ని సెకన్లకు మించి ఉంచొద్దు, సిరా వెలిసిపోతుంది.

పరికరాలు పట్టలేనిది తారీఖులు పడతాయి. షార్పీ మార్కర్ 1964లో వచ్చింది, అంతకు ముందు నాటిదని చెప్పే సంతకం ఆ మార్కర్‌తో ఉండదు. 1983 ప్రపంచకప్ జట్టు బ్యాట్లు ఎక్కువగా చేతులు మారే సరుకు. జట్టులో 14 మంది. ఒక్క మ్యాచ్ కూడా ఆడని సునీల్ వాల్సన్ సంతకాన్ని నకిలీ చేసేవాళ్లు తరచూ మరచిపోతారు. యశ్‌పాల్ శర్మ 2021 జులైలో పోయారు, ఆ తర్వాత జరిగిన కలయికలో చేయించామంటున్న బ్యాట్ మీద ఆయన పేరుంటే నవ్వి పక్కన పెట్టేయొచ్చు. 1983లోనే చేయించామంటే బ్యాట్ అంచు చూడండి. అప్పటి అంచులు ఇప్పటితో పోలిస్తే బాగా సన్నం. ఇప్పుడున్న 40 మిల్లీమీటర్ల పరిమితిని 2017లో పెట్టారు.

ఫొటో వాల్యుయేషన్‌కు ఐదుకు రెండు. వచ్చేది ధర కాదు, ఇంత నుంచి ఇంత అని ఒక అంచనా, కింది అంకెకూ పై అంకెకూ మూడింతల తేడా కూడా ఉంటుంది. ఆ తేడాలో సగం తప్పు పంపిన ఫొటోలదే. ఫ్లాష్ వద్దు. ఉదయం కిటికీ పక్క నీడలో తీసి, పక్కన స్కేలు పెట్టి, ముందు, వెనుక, నాలుగు అంచులు, సంతకం దగ్గరగా, పక్కవెలుగులో ఒకటి పంపాలి. కార్డులైతే స్కానర్‌లో 600 డీపీఐ. ఆ ధర బీమాకా, అమ్మకానికా అన్నది ముందే అడగాలి. బీమా విలువ ఎప్పుడూ ఎక్కువే రాస్తారు, దాన్ని చూపించి అమ్మబోతే ఎవరూ ఇవ్వరు. ఈబేలో కూడా అడుగుతున్న ధరలు వదిలేసి, అమ్ముడైనవాటినే వడకట్టి చూడాలి.

జతగా వచ్చే సర్టిఫికెట్‌ను నమ్మొద్దు, ప్రింటరు ఉన్న ప్రతివాడూ వేస్తాడు. పీఎస్ఏ అనే గ్రేడింగ్ కంపెనీ ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఇచ్చిన కార్డయినా డబ్బా మీది నంబరును వాళ్ల సైటులో కొట్టి, అక్కడ కార్డు బొమ్మ ఉంటే గీతా మచ్చా సరిపోల్చాలి. నిజమైన నంబరుతో నకిలీ డబ్బాలు తిరుగుతున్నాయి. వీటన్నిటికంటే బరువైనది పుట్టుపూర్వోత్తరాలు. 2024 దులీప్ ట్రోఫీకి ఇక్కడి ఆర్డీటీ మైదానంలో చేయించుకున్న టోపీకి ఆనాటి టికెట్టు, సంతకం పెడుతుండగా తీసిన ఫొటో ఉంటే వాటిని టోపీతో పాటే ఒకే సంచిలో ఉంచండి.

దాచేటప్పుడు విలువ పోగొట్టేవి మన ఊళ్లో మూడు. జిరాక్స్ అంగట్లో చేయించే లామినేషన్ మొదటిది, వేడికి అంటుకున్న ప్లాస్టిక్‌ను కాగితం చిరగకుండా తీయడం కుదరదు. రెండోది పీవీసీ కవరు, జిగురెక్కి సిరాను లాగేస్తుంది. పాలీప్రొపిలీన్ కవరు అడిగి తీసుకోండి. మూడోది కలరా ఉండలు, వాటి ఆవిరికి ప్లాస్టిక్ డబ్బాలు మెత్తబడతాయి. వెండి పురుగులకు సిలికా జెల్ పొట్లాలు చాలు, అదీ వానల నెలల్లోనే. ఎండాకాలంలో వాటిని తీసేయాలి. 42 డిగ్రీల పొడిగాలికి తోడు ఇవి కూడా తేమ లాగేస్తే బ్యాట్ చెక్క పగులుతుంది, ఆ పగులు సంతకం మీదుగా పోయిందంటే కట్టిన ధర సగానికి పడుతుంది.