కారు పెయింట్ మీది తుప్పు చుక్కలకు ఐరన్ రిమూవర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

తెల్ల కారు, వెండి రంగు కారు ఉన్నవాళ్లకు ఈ చుక్కలు బాగా తెలుసు. గుండుసూది మొనంత ఉంటాయి, నారింజ రంగులో కనిపిస్తాయి, షాంపూతో ఎంత కడిగినా పోవు. డిక్కీ తలుపు, వెనక బంపర్, చక్రాల వెనక డోర్ల కింది భాగం వీటికి ఇష్టమైన చోట్లు. ముదురు రంగు కార్లకూ ఇవి పడతాయి, కంటికి ఆనవంతే. కడిగి ఆరిన బానెట్ మీద చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని నిమిరితే గరగరమని తగులుతాయి.

చాలామంది వీటిని చూసి కారు బాడీకే తుప్పు పట్టిందని భయపడతారు. ఎక్కువసార్లు అది నిజం కాదు. బ్రేక్ వేసినప్పుడు డిస్కు నుంచి ఇనుప పొడి రాలుతుంది. రైలు పట్టాల పక్కన, గ్రైండింగ్, వెల్డింగ్ జరిగే చోట ఇంకా ఎక్కువగా గాల్లోకి లేస్తుంది. ఆ రేణువులు పెయింట్ మీద వాలి, రంగు పైన ఉండే పారదర్శకమైన పూత అయిన క్లియర్ కోట్‌లో నాటుకుంటాయి. తేమ తగలగానే తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది కాబట్టి చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను కూడా నెమ్మదిగా పాడుచేస్తుంది. భూతద్దంతో చూడండి: మధ్యలో నల్లటి రేణువు, చుట్టూ నారింజ వలయం ఉంటే అది పైనుంచి పడినదే. పెయింట్ పొంగినా, రాయి తగిలి పెచ్చు ఊడిన చోట తుప్పు కనిపించినా అది కింది రేకుది. దానికి ఈ మందులేవీ పనిచేయవు. గీకి, ప్రైమర్ వేసి, టచప్ చేయాల్సిందే.

నా లెక్కలో ఈ పనికి అసలైన మందు ఐరన్ రిమూవర్ స్ప్రే. క్లే బార్ (పెయింట్ మీద రుద్దే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద) దాని తర్వాతే. చాలామంది క్లేతో మొదలుపెడతారు, చుక్కలు మాయమైనట్టు కనిపిస్తాయి, కొన్ని వారాలకు సరిగ్గా అవే చోట్ల మళ్లీ తేలతాయి. కారణం సూటిగానే ఉంది: క్లే రేణువు తలను మాత్రమే కోసేస్తుంది, పెయింట్‌లో దిగిన మొదలు అలాగే మిగిలి మళ్లీ తుప్పు పడుతుంది. పైగా కోసిన ఇనుప ముక్కలు క్లేకి అంటుకుని, దాన్ని రుద్దిన ప్రతిచోటా సన్నటి గీతలు పెడతాయి. రిమూవర్ అలా కాదు, రేణువును కరిగిస్తుంది. ఇలాంటి స్ప్రేలలో సాధారణంగా థయోగ్లైకోలేట్ ఉంటుంది. అది ఇనుముతో కలిసి నీళ్లలో కరిగే ఊదా రంగు పదార్థం అవుతుంది. జుట్టు రింగులు తిప్పే పెర్మింగ్ మందుల్లోనూ ఇదే రకం రసాయనం ఉంటుంది. ఆ గంధకపు కంపు అందుకే. సువాసన కలిపిన రకాలు కూడా కంపు కొడతాయి.

వాడే తీరు. కారు నీడలో ఉండాలి, రేకు చేతికి చల్లగా తగలాలి. ముందు షాంపూతో కడిగి మట్టి పూర్తిగా వదిలించి, నీళ్లు తుడిచేయాలి. తడి మీద కొడితే మందు పలచనై సగం పనే చేస్తుంది. నైట్రైల్ గ్లౌజులు వేసుకుని ఒకసారికి రెండు ప్యానెల్‌లకు మించకుండా కొట్టండి. చిన్న కారుకు మొత్తం 300 నుంచి 400 మిల్లీలీటర్లు సరిపోతుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగండి. చుక్కల దగ్గర ఊదా చారలు కారడం కనిపిస్తుంది. ఆరిపోతున్నట్టుంటే మళ్లీ కొంచెం కొట్టండి, ఎట్టి పరిస్థితిలోనూ ఆరనివ్వకండి. ఆరితే పెయింట్ మీద, ముఖ్యంగా నల్ల ప్లాస్టిక్ భాగాల మీద మరకలు పడతాయి. తర్వాత ప్రెషర్ వాషర్‌తో సందులు, నంబర్ ప్లేట్ చుట్టూ, డోర్ అంచులతో సహా ధారాళంగా కడగాలి. కింద కారిన ఊదా నీళ్లను కూడా వెంటనే కడిగేయండి, లేత రంగు గచ్చు మీద మరక పడుతుంది.

మొండి చుక్కలు కొన్ని మిగులుతాయి. వాటిమీద రెట్టింపు మందు గుమ్మరించి లాభం లేదు, నిలువు ప్యానెల్ మీద అది జారిపోతుంది. టిష్యూ పేపర్ చిన్న ముక్క అంటించి, దాన్ని మందుతో తడిపి, తడి ఆరకుండా ఐదు నిమిషాలు ఉంచితే చాలావరకు వదులుతాయి. జెల్ రకాలు నిలువు ప్యానెల్ మీద బాగా నిలుస్తాయి, కానీ కడగడానికి ఎక్కువ నీళ్లు పడతాయి. డోర్లకూ డిక్కీకీ జెల్, బానెట్‌కూ పైకప్పుకూ పలచటి స్ప్రే వాడటం నాకు నచ్చిన పద్ధతి.

రంగు మారడాన్ని చూసి మరీ మురిసిపోవద్దు. చక్రాల మీద ఊదా ఏరులై పారుతుంది, అది తాజా బ్రేక్ పొడి. పెయింట్ మీద పాత చుక్క బాగా తుప్పుపట్టి ఉంటే రంగు తక్కువగా రావచ్చు. తారు చుక్కలకూ చెట్టు జిగురుకూ అసలు రంగే మారదు. తారుకు వేరే రిమూవర్ ఉంది, అది ముందే చేసేయాలి. తారు కింద దాగిన ఇనుముకు ఈ మందు తగలదు.

రెండో విడతకీ కదలని గరుకు ఉంటేనే క్లే. మెత్తటి రకం చాలు. అరచేతిలో సగం పట్టేంత ముక్కను చదును చేసి, క్లే లూబ్రికెంట్ ధారాళంగా కొట్టి, ఒత్తకుండా నిలువుగా, అడ్డంగా జరపండి. గరగర శబ్దం ఆగగానే ఆపేయాలి. ప్రతి ప్యానెల్‌కూ మడిచి కొత్త ముఖం తిప్పండి. నేలమీద పడిన ముక్కను మళ్లీ వాడొద్దు. మ్యాట్ పెయింట్ మీద క్లే వద్దు, ఆ చోట నిగారింపు వచ్చి మరకలా ఉండిపోతుంది.

ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న క్లీనర్లు తుప్పు మరకను మరింత గట్టిగా లాగుతాయి. వాటిని మచ్చ పడిన ఆ ఒక్కచోటే, గ్లౌజులతోనూ కళ్లద్దాలతోనూ వాడి, వెంటనే బాగా కడగాలి. అది విషం, పిల్లలకు అందకూడదు. ఏ ఆమ్లపు క్లీనర్‌నూ ఐరన్ రిమూవర్‌తో కలపొద్దు. టాయిలెట్ క్లీనర్ అసలు దగ్గరికే రానివ్వకండి. స్టీల్ ఊల్ అంతకన్నా నష్టం, గీతలు పెట్టడమే కాక కొత్త ఇనుప పొడిని వదిలి వెళ్తుంది.

చుక్క పోయాక చిన్న గుంట మిగిలితే అది మందు చేసింది కాదు, తుప్పు తిన్న చోటు. పాలిష్‌తో అంచు మెత్తబడుతుంది. గుంట మొత్తం పోవాలని అరగదీయొద్దు, క్లియర్ కోట్ మందమే దాదాపు 40 నుంచి 50 మైక్రాన్లు.

ఈ మందు పాత మైనాన్ని బలహీనపరుస్తుంది, కాబట్టి అదే రోజు వ్యాక్స్ గానీ, అలాంటిదే అయిన రక్షణ పూత సీలెంట్ గానీ వేయండి. అది ఇనుమును ఆపదు, కానీ తర్వాతిసారి తక్కువ మందుతో పని అవుతుంది. సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద వేయించే గట్టి రక్షణ పూత) ఉన్నా చుక్కలు పడతాయి, కాకపోతే తేలిగ్గా వదులుతాయి. ఏడాదికి రెండుసార్లు చాలు. రైలు పట్టాల పక్కన నిలిపే కారుకు మూడు నాలుగుసార్లు పడుతుంది. మిగిలిన సీసా ఎండ తగలని చోట మూత బిగించి ఉంచండి. లోపలి ద్రవం దానంతటదే ఊదాకు తిరిగితే అందులో ఇనుము కలిసిందని అర్థం, దాన్ని చక్రాలకు వాడి ముగించండి.