జాంగో విడుదలల క్యాలెండర్: బరంపురం, రాయగడ వైపు చిన్న ఆఫీసులకు ఏ మేరకు పనికొస్తుంది?

రైసు మిల్లుకు బిల్లింగో, కాలేజీకి అడ్మిషన్ సాఫ్ట్‌వేరో రాసిచ్చి ఏళ్ల తరబడి చూసుకోవాల్సినవాళ్లకు ఫ్రేమ్‌వర్కులో ఏమేం ఉన్నాయన్నది సగం సంగతే. అది మళ్లీ ఎప్పుడు మారుతుంది, మన కోడులో ఏ లైను ఎప్పుడు పనిచేయడం మానేస్తుంది అన్నది ముందే తెలియాలి. ఆ విషయంలో, పైథాన్ భాషలో వెబ్ సాఫ్ట్‌వేర్ రాయడానికి వాడే జాంగో ఫ్రేమ్‌వర్కుకు మంచి మార్కులే వేయాలి.

ఎనిమిది నెలలకో కొత్త వెర్షన్. 4, 5 లాంటి ఒక్కో పెద్ద నంబరు కింద సున్నా, ఒకటి, రెండు అని మూడు వస్తాయి. ‘రెండు’ వెర్షన్ ఎల్‌టీఎస్, అంటే ఎక్కువ కాలం మద్దతు దొరికేది; దానికి మూడేళ్లపాటు లోపాల సవరణలు వస్తాయి. 5.0 డిసెంబరు 2023లో, 5.1 ఆగస్టు 2024లో, 5.2 ఏప్రిల్ 2025లో వచ్చాయి. పాత ఎల్‌టీఎస్ 4.2 మద్దతు గడువు ఏప్రిల్ 2026, 5.2 గడువు ఏప్రిల్ 2028. అంటే పాత ఎల్‌టీఎస్ నుంచి కొత్తదానికి మారడానికి ఏడాది వెసులుబాటు.

ఈ తేదీలు మన పనుల సీజన్‌తో ఎలా కలుస్తాయో చూడండి. డిసెంబరులో ఖరీఫ్ ధాన్యం మండీలు జోరుమీద ఉంటాయి. అప్పుడు వచ్చే సున్నా వెర్షన్ జోలికి మిల్లు సర్వర్ మీద వెళ్లకూడదు. ఎల్‌టీఎస్ మార్చి లెక్కలు ముగిశాక, ఏప్రిల్‌లో వస్తుంది. ఒకట్రెండు చిన్న విడుదలలు పడనిచ్చి మేలో ఎక్కించుకోవచ్చు. సున్నా, ఒకటి వెర్షన్లకు మొత్తం మద్దతే పదహారు నెలలు. అందులో రెండో సగం భద్రతా లోపాలకు, డేటా పోయే బగ్గులకు మాత్రమే. ఒక్క మనిషే నడిపే ఆఫీసుకు ఆ పరుగు దండగ.

తీసివేతల నియమం స్పష్టంగా ఉంది. ‘ఇది తీసేస్తాం’ అని 4.0, 4.1లో హెచ్చరిక పడ్డది 5.0లో పోతుంది. 4.2లో హెచ్చరిక పడ్డదానికి ఇంకో మెట్టు గడువు, 5.1లో పోతుంది. చాలామంది తడబడేది ఇక్కడే: 5.0కి మారాక అంతా బాగుందనుకుంటారు, 5.1లో సైటు బొమ్మలు, స్టైల్ ఫైళ్లు ఎలా దాచాలో చెప్పే స్టాటిక్‌ఫైల్స్_స్టోరేజ్ సెట్టింగు మాయమవుతుంది. దాని స్థానంలో స్టోరేజెస్ అనే డిక్షనరీ రాయాలి. లాగౌట్‌ను మామూలు లింకుగా పెట్టినవాళ్లకు 5.0లోనే 405 ఎర్రర్ (ఆ పద్ధతిలో అడగడానికి వీల్లేదని) వస్తుంది. పోస్ట్ ఫారంగా మార్చాలి.

కాబట్టి 4.2 నుంచి 5.2కి ఒక్క దూకు వద్దు. 5.0, 5.1 మీదుగా రండి. ప్రతి మెట్టులో పైథాన్‌కు పెద్ద డబ్ల్యూ, చిన్న ఏ ఫ్లాగ్ ఇచ్చి టెస్టులు నడపండి. మామూలుగా దాగుండే హెచ్చరికలన్నీ బయటపడతాయి. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ కావాలో రాసుకునే రిక్వైర్‌మెంట్స్ ఫైలులో జాంగోకు ~=5.0 అని వదిలేస్తే మీకు చెప్పకుండానే 5.2 దిగుతుంది. ~=5.0.0 అని రాస్తేనే ఆ వరుసలో ఆగుతుంది.

సర్వర్ సంగతి ముందే చూసుకోవాలి. 5.2కి పైథాన్ 3.10, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వాడితే 14 కనీసం ఉండాలి. ఉబుంటు 22.04లో ఆ రెండూ సరిగ్గా అవే వస్తాయి. 20.04లో పైథాన్ 3.8 కాబట్టి కుదరదు. 6.0 అయితే 3.12 అడుగుతుంది, అంటే ఉబుంటు 24.04. గుణుపురం, రాయగడ లోపలి ఊళ్లలో నెట్ నమ్మకం లేనిచోట, బరంపురంలోనే అదే పైథాన్ వెర్షన్ ఉన్న కంప్యూటర్‌లో పిప్ డౌన్‌లోడ్ కమాండ్‌తో వీల్ ఫైళ్లు (ఇన్‌స్టాల్‌కు సిద్ధంగా ఉండే ప్యాకేజీలు) దించి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లడం మేలు.

భద్రతా విడుదలకు సుమారు వారం ముందే తేదీ, తీవ్రత ప్రకటిస్తారు. లోపం ఏమిటో మాత్రం ఆ రోజే చెబుతారు. క్లయింటుకు ముందుగా ఫోన్ చేసి, సాయంత్రం సర్వర్ ఆపుతామని చెప్పుకునే వీలుంది. అది చిన్న సదుపాయమేం కాదు.

లోటు భాషల దగ్గర. 5.2కి ముందస్తు పరీక్ష విడుదలలైన ఆల్ఫా జనవరిలో, బీటా ఫిబ్రవరిలో, ఆర్‌సీ (చివరి పరీక్ష విడుదల) మార్చి మధ్యలో, అసలుది ఏప్రిల్ 2న వచ్చాయి. ఆర్‌సీతోనే తెరమీద కనిపించే పదబంధాలు ఖరారవుతాయి, అనువాదకులకు మిగిలేది రెండు వారాలే. తెలుగు జాంగో భాషల జాబితాలో ఉన్నా అడ్మిన్ తెరల్లో ఇంగ్లీషు ఇంకా తొంగిచూస్తూనే ఉంటుంది. ఒడియా అయితే అసలు లేదు. ఒడిశా కాలేజీకి ఒడియా తెర కావాలంటే జాంగోకు తెలిసిన భాషల పట్టిక లాంగ్_ఇన్ఫోలో ఆ భాషను మీరే చేర్చి, అనువాద ఫైళ్లు లొకేల్_పాత్స్ సెట్టింగులో చెప్పిన ఫోల్డర్ల కింద పెట్టుకోవాలి. లాంగ్_ఇన్ఫో మరిచిపోతే భాష ఎంచుకునే మెనూ దగ్గరే ఆ భాష తెలియదంటూ కీఎర్రర్ వస్తుంది. క్లయింటుకు కొటేషన్ ఇచ్చేటప్పుడు ఈ పనిని విడిగా లెక్క కట్టండి.