లాసెన్‌లో ఒక్క రోజు: పొద్దున జలపాతం, సాయంత్రం సరస్సు

ఉత్తర కాలిఫోర్నియాలోని లాసెన్ వోల్కానిక్ నేషనల్ పార్కుకి ఒక్క రోజే ఇవ్వగలిగితే, రోడ్డు పక్కనున్న వ్యూ పాయింట్లన్నీ చుట్టేయాలని చూడకండి. పొద్దున కింగ్స్ క్రీక్ జలపాతం, మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా మంజనీటా లేక్. ఈ రెండూ చాలు, ఇదే వరసలో.

జలపాతానికి వెళ్లేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. రానుపోను మూడు మైళ్లకు అటూఇటూ. ఏడు వేల అడుగుల ఎత్తు కాబట్టి మామూలుగా నడిచేవాళ్లకి కూడా ఆయాసం వస్తుంది. ఎండ ముదరకముందే తిరిగొచ్చేయాలి. తిరుగుదారిలో వాగు వెంబడే రాతిమెట్ల దారి ఒకటుంది, పైకి ఎక్కడానికి మాత్రమే. మోకాళ్లు సహకరిస్తే అదే పట్టుకోండి. మెట్లు తడిగా ఉంటాయి, గ్రిప్ ఉన్న బూట్లు తప్పనిసరి. జలపాతం మరీ ఎత్తేమీ కాదు. కానీ నీళ్లు ఒక్క ధారగా పడవు. దువ్వెన పళ్లలోంచి జారినట్టు సన్నని పాయలుగా విడిపోయి దిగుతాయి. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

2021లో డిక్సీ కార్చిచ్చు ఈ పార్కులో మూడింట రెండు వంతులకు పైగా కాల్చేసింది. మాడిన మొద్దులు చూస్తే మనసు కలుక్కుమంటుంది. వాటి మొదట్లోనే ఊదారంగు లూపిన్ పూలు గుత్తులుగా పూసి ఉన్నాయి.

మంజనీటా లేక్‌కి సాయంత్రమే ఎందుకంటే, లాసెన్ శిఖరం దానికి ఆగ్నేయంగా ఉంటుంది. పొద్దుటిపూట కొండ నీడగా కనిపిస్తుంది. పొద్దు వాలాక ఎండ నేరుగా దాని ముఖం మీద పడుతుంది, గాలి ఆగితే నీళ్లలో కొండంతా తలకిందులుగా దిగుతుంది. 1915 మే 22న భారీగా పేలిన కొండ ఇదే. సరస్సు పుట్టుక వేరే కథ. సుమారు 350 ఏళ్ల కిందట కేయాస్ క్రాగ్స్ అనే పక్క కొండల నుంచి విరిగిపడిన రాళ్లు వాగుకి అడ్డుపడి ఇది ఏర్పడింది. చుట్టూ దారి రెండు మైళ్ల లోపే, చదునుగా ఉంటుంది. పిల్లలూ పెద్దవాళ్లూ హాయిగా నడవొచ్చు. మోటారు పడవలు లేవు కాబట్టి కయాక్‌లో తిరగడం ప్రశాంతంగా ఉంటుంది.

బస విషయంలో నా ఓటు సరస్సు దగ్గరి క్యాబిన్లకే. కరెంటు, గదిలో కుళాయి ఉండవు, తిండి సామాను ఎలుగుబంట్లకు అందకుండా ఇనప పెట్టెలో దాచాలి. అయినా సాయంత్రం వెలుతురు వదులుకోనక్కర్లేదు. రెడ్డింగ్ పట్టణంలో హోటళ్లు బోలెడు, కానీ గంట పైగా డ్రైవింగ్, వేసవిలో మండే ఎండ. మేం ముందురోజు దిగిన ఒక హోటల్లో ఏసీ సరిగా పనిచేయలేదు, రూమ్ మార్చమంటే చాలాసేపు తిప్పారు.

భోజనం కట్టుకెళ్లండి, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ నమ్మకం లేదు. జూన్‌లో వెళ్లేవాళ్లు బుకింగ్‌కి ముందు పార్కు రోడ్డు తెరిచారో లేదో చూసుకోండి. కొన్నేళ్లు జూలై దాకా మంచు తీయడమే పూర్తవదు. అప్పుడు ఉత్తర ద్వారం నుంచి సరస్సుకి వెళ్లొచ్చు కానీ, జలపాతానికి కారులో చేరుకోలేరు.